మిద్దె మీది చౌడు

జరిగిందంతా మొదటి నుంచీ ఏకరువు పెట్టే ఓపిక నాకు లేదు. పోయిన వారం దాకా ఏమైందో నాలుగు ముక్కల్లో చెప్పేసి అసలు సంగతికి వస్తాను.

నా పేరు ప్రేమజ్యోతి. కర్నూల్లో ఆడపిల్లల సంక్షేమ హాస్టలుకు వార్డెన్ని. ఊరిని ఆనుకుని ఉన్న కల్లూరులో మాకొక ఇల్లుంది. ఆ ఇంటికి ఆరేళ్లుగా, ఏటా గడువుకు వారం ముందే, బీమా కడుతున్నాను. ఈసారి కట్టబోయేలోపే భద్రఛత్రం జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మీ పాలసీని పునరుద్ధరించలేకపోతున్నాము. ఇంతకాలం మమ్మల్ని ఆదరించినందుకు ధన్యవాదాలు." అంతే! కారణం లేదు, కింద మనిషి సంతకం కూడా లేదు. ఛత్రం అంటే గొడుగట. మబ్బు పట్టగానే ముడుచుకుపోయే గొడుగును వీళ్లే కనిపెట్టి ఉండాలి.

ఆ పాలసీ అంటగట్టిన ఏజెంటు రంగస్వామి ఏటా క్రిస్మసుకు కేకు పట్టుకొచ్చి, "అక్కా, ఇది మీ ఇల్లు కాదు, నా ఇల్లే అనుకో" అని మా సోఫా కుంగిపోయేలా కూర్చునేవాడు. ఉత్తరం సంగతి చెప్పగానే, "మైదుకూరులో పెండ్లిలో ఉండానక్కా, మేళం మోగతాండాది, ఏమీ వినపడదు" అన్నాడు. ఆ పెళ్లి ఆరు రోజుల నుంచీ జరుగుతూనే ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

పోనీలే, ఊళ్లో కంపెనీలకు కరువా అని ఇంకో రెండు చోట్లకు వెళ్లాను. రెండు చోట్లా అప్లికేషనులో ఒకే ప్రశ్న. "గతంలో ఏ కంపెనీ అయినా మీకు బీమా నిరాకరించిందా?" అవును అని రాశాను. ఆ ముక్క చదవగానే కుర్చీలో ఉన్నవాళ్ల మొహాలు అంటురోగిని చూసినట్టు అయిపోయాయి. ఒకడు వద్దన్నాడు కాబట్టి ఇంకొకడు వద్దంటాడు. సొంత బుర్ర వాడాలంటే వాళ్లకు జీతం చాలదేమో!

ఇల్లు ఉంది, గోడలు ఉన్నాయి, ఒక కాగితం కోసం ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఉంటారు. వాళ్లు రెండువేల తొమ్మిది అక్టోబరులో కర్నూల్లో లేరన్నమాట. హంద్రీ ఒడ్డున ఉండిన మా పాత ఇంటిని ఆ వరద ఒక్క పూటలో మింగేసింది. తొమ్మిది రోజులు చర్చి మేడ మీద, పక్కవాళ్ల దుప్పటి కప్పుకుని పడుకున్నాం. బీమా లేదు. ఇచ్చినవాడి దయ, పుచ్చుకున్నవాడి సిగ్గు. మళ్లీ ఒక కప్పు వేసుకోవడానికి పదేళ్లు పట్టింది. అందుకే బీమా లేని కప్పు కింద ఒక్క రాత్రి కూడా పడుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు పాలసీకి మిగిలింది పన్నెండు రోజులు. పైన కురుస్తున్న వానలకు హంద్రీ అప్పుడే ఎర్రబడింది.

ఇదీ కథ. ఇక నిన్న ఉదయం కర్నూలు బ్రాంచి ఆఫీసులో ఏం జరిగిందో చెబుతాను.

ఒంటరిగా పోదామనుకున్నాను. మా ఆయన యేసుప్రసాద్ ఆర్టీసీ డ్రైవరు, బెంగళూరు డ్యూటీలో ఉన్నాడు. కానీ మా మామ శాంతయ్య తెల్లపంచె కట్టుకుని, తల దువ్వుకుని, వాకిట్లో సిద్ధంగా నిలబడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. బతుకంతా మైదుకూరు పక్కన పల్లెలో ఒకరి చేలో కూలి చేసి, చివరి రోజుల్లో మా దగ్గరికొచ్చిన మనిషి.

"ఆడమనిషివి ఒక్కదానివే ఏం పోతావు జోతీ, నేనూ వస్తా" అన్నాడు.

"ఆడికి పోయి నువ్వేం చేస్తావు మామా?"

"ఏం చేసేది? కూసోనుంటా. ఇంటి పెద్ద ఒగడుండాడని తెలియల్ల గదా."

తెలిసింది. బాగానే తెలిసింది. ఆ మాట తర్వాత చెబుతాను.

బ్రాంచి మేనేజరు పేరు అవినాష్. ముప్పై దాటి ఉండవు. మేం లోపలికి వెళ్లేసరికి ఫోనులో ఏదో చూసుకుని నవ్వుకుంటున్నాడు. తల ఎత్తలేదు, కూర్చోమనలేదు. నేను కూర్చున్నాను. మామను కూర్చోబెట్టాను. అప్పుడు తల ఎత్తాడు, తన సొంత కుర్చీలోనే మేం కూర్చున్నట్టు.

ఉత్తరం బల్ల మీద పెట్టాను. వేలితో అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది పైనుంచి వచ్చింది మేడమ్. మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

"నీ చేతిలో ఏముండాదో నేను అడగలేదు సార్. కారణం అడగతాండా."

"రిస్కు మాకు సరిపడదు మేడమ్."

"అదేం కారణం? మా హాస్టల్లో ఆరో తరగతి పిల్ల లెక్కలు చేయకపోతే ఇంతకన్నా మంచి కారణం చెప్తాది."

పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది. అవినాష్ మొహం ముడుచుకుంది.

నేను ఇరవై రెండేళ్లుగా వార్డెన్ని. మురిగిన కోడిగుడ్డును 'ఎండకు అట్ల అయిందమ్మా' అని చెప్పే కాంట్రాక్టర్లను చూశాను, రాని డాక్టరు వచ్చినట్టు రాసుకుపోయే వాళ్లను చూశాను. ఇలాంటి ఆఫీసుల్లో నోటిమాటకు పూచికపుల్ల విలువ లేదని నాకు తెలుసు. అందుకే ముందురాత్రి కూర్చుని అర్జీ రాసుకొచ్చాను. కారణం రాతలో ఇవ్వాలి. మా ఇంటిని తనిఖీ చేసిన రిపోర్టు నకలు ఇవ్వాలి. అందులో తప్పుంటే గడువు లోపల మళ్లీ తనిఖీ చేయాలి. రెండు ప్రతులు.

"ఒకటి నీకు, ఒకటి నాకు. నా దాని మీద ముట్టినట్టు ముద్ర కొట్టి తేదీ వెయ్యి."

"ముద్రలు గిద్రలు ఇప్పుడు లేవు మేడమ్. అంతా ఆన్‌లైనే."

"మరి నీ టీ గ్లాసు కింద ఉండేదేంది సార్?"

ముద్ర తాలూకు ఇంకు డబ్బా మీద గ్లాసు పెట్టుకుని తాగుతున్నాడు మహానుభావుడు. గ్లాసు తీశాడు. ముద్ర కొట్టాడు, పళ్లు కొరుకుతూ. కొట్టి, చల్లగా ఒక మాట వదిలాడు.

"అర్జీ తీసుకుంటాం. గ్రీవెన్స్ సెల్లు వాళ్లు చూసి జవాబిచ్చేదానికి ముప్పై రోజులు టైముంటుంది. అది నచ్చకపోతే హైదరాబాదులో అంబుడ్స్‌మన్ ఉంటాడు. ఆడికి పోండి, ఎవరొద్దన్నారు?"

పన్నెండు రోజుల్లో ఇల్లు గొడుగు లేకుండా అవుతుంటే ముప్పై రోజుల మందు రాసిచ్చాడు! రాసిచ్చి వాచీ చూసుకున్నాడు. మామూలు మనిషైతే అక్కడ లేచి వచ్చేస్తుంది. వాళ్లకు కావలసిందీ అదే.

"నేను యాడికీ పోను. రిపోర్టు చూపీ. నా ఇంటి రిపోర్టు నేను చూసేదానికి ముప్పై రోజులు అక్కరలేదు గదా."

ఆ అమ్మాయి మళ్లీ దగ్గింది. అవినాష్ విసుగ్గా కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు.

తెర మీద మా ఇల్లు. ఎదురింటి మేడ మీద నుంచి తీసిన ఫొటో. పిట్టగోడలు, నీళ్ల ట్యాంకు, బట్టల తీగ అన్నీ కనబడుతున్నాయి. కానీ మిద్దె మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిదరంగు మట్టి. మధ్యలో నాలుగు గడ్డిపోచలు కూడా మొలిచాయి.

"ప్రపోజలులో ఏం రాసినారు మేడమ్? స్లాబు అని. ఇది స్లాబా?" అవినాష్ గొంతులోకి ఇప్పుడు హుషారొచ్చింది. "మట్టి మిద్దె. కచ్చా కట్టడం. మేం ఇట్లాంటివి తీసుకోము. సర్వేయరు కంబన్న స్వయంగా పోయి చూసొచ్చినాడు. పైగా మీ ఇంటి మనిషే చెప్పినాడు." తెర కిందికి జరిపి చదివాడు. "ఇంటి పెద్ద శాంతయ్య గారిని విచారించగా, పై కప్పు మట్టి మిద్దె అనియు, ఏటా మట్టి పోయుదుమనియు చెప్పి సంతకం చేసినారు."

తన పేరు వినగానే మామ మొహం వెలిగిపోయింది.

"అవునమ్మా! ఆ సారు వచ్చినాడు. నువ్వు హాస్టలుకు పోయుంటివి. 'తాతా, మిద్దె మీద ఇదేంది' అన్నాడు. చౌడు సామీ, మంచి చౌడు, నా చేతులతో పోసినా అన్నా. ఇట్లాంటి మిద్దె ఇంగ ఎవురికీ లేదన్నా. సంతకం పెట్టమన్నాడు, పెట్టినా."

చౌడు అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా సీమలో కొన్ని నేలల మీద ఉప్పు పొంగినట్టు తెల్లగా తేలే మట్టి అది. పాత కాలపు రాతి మిద్దెల మీద ఏటా వానలకు ముందు దాన్ని బెత్తెడు మందాన పరుస్తారు. తడిసిందంటే బిగుసుకుపోయి చుక్క నీరు కిందికి దిగనివ్వదు. రాతి మిద్దెకు అది ప్రాణం. సిమెంటు స్లాబు మీద పోయడం మాత్రం ఈ భూమ్మీద మా మామ ఒక్కడే చేసే పని. ఇల్లు కట్టిన ఏడాది నుంచీ ట్రాక్టరులో మట్టి తెప్పించి పోస్తున్నాడు. నేను అరిచాను, మా ఆయన నచ్చజెప్పాడు. వింటేగా! కింద చల్లగా ఉంటోంది కదా అని చివరికి నేనే ఊరుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

"సార్, దాని కింద స్లాబుండాది. ఇంజనీరు ప్లాను ఉండాది, మున్సిపాలిటీ అనుమతి ఉండాది. ఈ మట్టి మా మామ అలవాటు కొద్దీ పోసినాడు. గీకేస్తే పోతాది."

అవినాష్ కుర్చీలో వెనక్కి వాలి మామను పైనుంచి కిందికి చూశాడు. పంచె చూశాడు, పగిలిన మడమలు చూశాడు, మెడలో సన్న దారానికి వేలాడే చిన్న సిలువ చూశాడు.

"తాతా, ఇది మీ పల్లెలో కొట్టం కాదు. మంచి ఇల్లు కట్టిస్తే దాని మీద మన్ను పోస్తారా? ఏం చేస్తాం మేడమ్, మీ వాళ్లకు ఎంత మంచి ఇల్లున్నా పాత అలవాట్లు పోవు."

మామ నవ్వు మొహాన అలాగే ఆగిపోయింది.

"మీ వాళ్లంటే ఎవురు సార్?"

"అంటే... జనరల్‌గా..."

"జనరల్‌గా కాదు. నువ్వన్నావు, పక్కన ఈ పాప వినింది, నేను విన్యా. మీ వాళ్లంటే ఎవురో చెప్పు. అర్జీలో నాలుగో లైను ఖాళీ ఉండాది, అది గూడా రాసి నీ ముద్రే కొట్టిచ్చుకుంటా."

నేను గొంతు పెంచలేదు. అరిచేవాళ్లను చూసి వీళ్లు భయపడరు. పెన్ను మూత తీసేవాళ్లను చూసి భయపడతారు. మూత తీశాను.

అవినాష్ మెడ మీది చెమట ఏసీలో కూడా కనబడింది. ఒక్క నిమిషం కిందట ముప్పై రోజులు అన్న నోరు, "మేడమ్ మేడమ్, మీరు తప్పుగా అనుకుంటాండారు" అని పాకం కారడం మొదలుపెట్టింది. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"కంబన్న ఈ పొద్దు మూడు గంటలకు కల్లూరులోనే వేరే ఇల్లు చూసేదానికి వస్తాండాడు. మీ ఇంటికి గూడా రమ్మన్నా. మట్టి గీకేసి స్లాబు కనపడేటట్టు పెట్టండి. ఫొటో తీసుకుంటాడు. స్లాబు బాగుంటే రేపే పాలసీ రిన్యూవలు చేపిస్తా. సరేనా మేడమ్?"

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఎన్ని రోజుల పని ఎంతసేపట్లో అయిందో చూశారుగా! నేను నా ప్రతి మడిచి సంచిలో పెట్టుకున్నాను. గెలిచానన్న పొగరు నాకు లేదంటే అబద్ధం.

లేచాం. అప్పుడు అన్నాడు మామ, నెమ్మదిగా.

"చౌడు తీయద్దులే జోతీ."

నేను విననట్టే బయటికి నడిచాను. షేర్ ఆటో ఎక్కాక మళ్లీ అందుకున్నాడు.

"వానలు మీదుండాయి. ఇప్పుడు తీస్తే ఎట్ల? ఇంగో కంపెనీ చూద్దాంలేమ్మా. ఆ నాయాలు కంపెనీ మనకేంటికి?"

"ఇంగో కంపెనీ లేదు మామా! నీ సంతకం పుణ్యమా అని ఎవురూ రానీరు!"

"తీయాకు తల్లీ. నా మాట ఇను."

ఆటోలో ముగ్గురు ఆడవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. వాళ్లందరి ముందు నా నోటికి తాళం ఊడిపోయింది.

"నువ్వు మిద్దె మీద పోసింది చౌడు కాదు మామా, నా నెత్తిన దుమ్ము! బతుకంతా ఒకరి మట్టి మోసి మోసి, నీకు మట్టి లేకపోతే నిద్ర పట్టదు. సిమెంటింట్లో ఉండేదానికి గూడా ఒక తెలివుండాల. ఇంటి పెద్దంట! గమ్మునుండు ఇంగ."

మామ కల్లూరు దాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. అవినాష్ అన్న మాటనే నేను ఇంకాస్త కారం కలిపి అన్నానని నాకు అప్పుడు తట్టనేలేదు. తట్టి ఉంటే కూడా ఆపేదాన్ని కాదేమో. అంత కోపంగా ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పార, గంప తీసుకుని నేనే మిద్దెక్కాను. కూలీలను పిలిచే టైము లేదు, మామను పిలిచే ఉద్దేశం లేదు. మబ్బు కమ్ముకొస్తోంది. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టాను. చౌడు వట్టి మట్టి కాదు, పార తగిలితే పెంకులా లేస్తుంది. ఒక్కో పెంకు లేచినప్పుడల్లా కింద తెల్లటి స్లాబు బయటపడుతుంటే నా కడుపు చల్లబడింది. చూడు, మా ఇల్లు! స్లాబు కాదంటారా, మూర్ఖుల్లారా! ఎదురింటి మేడ మీద ఎవరూ లేరు గానీ ఉంటే వాళ్లకు కూడా వినబడేలా అన్నాను.

మామ మెట్ల మీద, పై మెట్టుకు ఒక మెట్టు కింద నిలబడి చూస్తున్నాడు. సాయం చేస్తాననలేదు. నేనూ అడగలేదు.

రెండున్నర అయ్యేసరికి మూడొంతులు శుభ్రమైంది. మిగిలింది వెనక వైపు మూల. అటు నడిచాను.

"ఆ మూల వద్దు జోతీ."

"ఏం, ఆడ బంగారం దాచిపెట్టినావా?"

"వద్దులేమ్మా. అంత మటుకు ఉండనీ. టైము చాలలేదని చెప్పు."

వద్దన్న చోటే పార వేశాను. మిగతా చోట్ల బెత్తెడున్న చౌడు ఇక్కడ మూరెడు మందాన ఉంది. నాలుగు దెబ్బలు వేస్తే గానీ పెంకు లేవలేదు. లేచాక కింద చూశాను.

స్లాబు నిలువునా చీలి ఉంది. వేలు దూరేంత చీలిక. చౌడు కింద నుంచి మొదలై, మళ్లీ చౌడు కిందికే పోయింది. లోపల ఇనుప చువ్వ తుప్పుపట్టి ఎర్రగా కనబడుతోంది. పక్కనున్న మట్టిని చేత్తోనే తోడాను. చీలిక అక్కడా ఉంది. ఇంకా తోడాను. ఇంకా ఉంది.

"ఇదేంది మామా?"

ఆయన మెట్టెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు చప్పుడయ్యాయి.

"అతుకమ్మా."

అతుకు అనగానే నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే ఎంత బాగుండేది!

స్లాబు పోసింది ఒక శనివారం. మూడొంతులు పడ్డాక కాంక్రీటు కలిపే మిల్లరు చెడిపోయింది. బాగు చేసేసరికి చీకటి పడింది. మేస్త్రి వచ్చి, "లైట్లు పెట్టి ఇప్పుడే ముగిచ్చేస్తాం మేడమ్, రాత్రి రెండు మూడైతాది. స్లాబు ఒకే దఫాలో పడల్ల, ఆపితే అతుకు పడతాది" అన్నాడు. పన్నెండు దాటితే ఆదివారం. ప్రభువు దినాన నా ఇంటి మీద పార పడకూడదన్నాను. మేస్త్రి బతిమాలాడు. 'నీకు దేవుడంటే భయం లేదేమో, నాకుంది' అని వాడి మొహం మీదే అన్నాను. వెనక వైపు మిగిలిన భాగం సోమవారం పోశారు.

అంతటితో ఆగానా? గృహప్రతిష్ఠ నాడు సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాను. పని ఆగినా సరే విశ్రాంతి దినం పాటించాను, అందుకే నా ఇల్లు బండ మీద కట్టిన ఇల్లయింది అని. నా సాక్ష్యానికి చప్పట్లు కొట్టారు కూడా. ఆరేళ్లుగా ఇంకొకరి ఇంటి గోడ బీటవారితే, వీళ్లు ఆదివారం పని చేయించి ఉంటారులే అని మనసులో అనుకునేదాన్ని. ఛీ! ఇంత గర్వం ఎక్కడ పెట్టుకుని తిరిగానో!

"నీకెప్పుడు తెలిసింది?"

"ప్రతిష్ఠకు ముందు రోజే చూసినా. సన్నగా, ఎంటికంత ఉండె. నేను పొలం గట్లు ఏసినోన్ని, అతుకు యాడుంటే నీళ్లు ఆడికే వస్తాయని తెల్సు గదా."

"మరి అప్పుడే ఏంటికి చెప్పలేదు?"

"ఏమని చెప్పేది తల్లీ?" ఆయన చీలిక వైపు చూస్తూనే అన్నాడు. "పదేండ్లకు సొంతింట్లో దీపం పెట్టుకుంటివి. పాస్టరయ్య ప్రార్థన చేస్తాంటే నువ్వు సంతోషానికి ఏడస్తాంటివి. అందరి ముందర సాక్ష్యం చెప్తివి. దాని మీద నేను పోయి, అమ్మా నువ్వు ఆపినందుకే స్లాబు చీలిందని చెప్పేదా? నా నోరెట్ల వస్తాది? నాకు తెలిసిన మందు చౌడొకటే. పోసినా. ఆరేండ్లు చుక్క దిగలేదు చూడు."

ఆ మూల కింద ఉన్నది మామ గది. ఇల్లు చేరిన రోజు ముందు గది, ఫ్యానున్న గది ఇస్తామంటే వద్దని, ఈ వెనక గదే కావాలని పట్టుబట్టాడు. ముసలివాళ్ల మొండితనం అనుకుని విసుక్కున్నాను. ఏటా ఆ గది కప్పుకు తనే సున్నం వేసుకుంటే, చేతులు ఊరుకోక వేసుకుంటున్నాడులే అనుకున్నాను.

"మామా, దీని కిందనే గదా నువ్వు పండుకునేది."

"పండుకుంటే ఏమి? పడితే నా మీద పడల్లగానీ మీ మీద పడగూడదు గదా."

ఆటోలో నేనన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. క్షమించు మామా అనాలి. ఆ రెండు మాటలు నాకు రాలేదు. ఇరవై రెండేళ్లు అందరి అబద్ధాలూ పట్టుకున్న దాన్ని, నా నెత్తి మీది నిజం ఒక్కటి కనిపెట్టలేకపోయాను. అవినాష్ నయం. వాడు తెర మీద కనబడిందైనా చదివాడు.

వాన చినుకు ఒకటి చీలిక పక్కనే పడింది. ఇంకొకటి దానిలోకే పోయింది.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. జీవితంలో టైముకు ముందే వచ్చిన ఒకే ఒక్క ఇన్సూరెన్సు మనిషి, సరిగ్గా ఈ రోజే రావాలా?

"మేడమ్! కంబన్న! మేనేజరు సారు పంపిచ్చినాడు. పైకి వస్తాండా!"

మామ గంప వైపు చెయ్యి చాచాడు. "కప్పేద్దునా? రెండు గంపలు చాలు."

కప్పేస్తే పాలసీ వస్తుంది. రేపే వస్తుంది. కానీ చీలికను దాచి తీసుకున్న పాలసీ, ఇల్లు కూలిన రోజున ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు. ఆ మాట పాలసీ కాగితం వెనకాలే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. చూపిస్తే పన్నెండు రోజుల తర్వాత మాకు ఏ కంపెనీ ఉండదు, పైన వాన, పక్కన హంద్రీ. నేను గంప మీద చెయ్యి వేశాను. వేసి అలాగే ఉండిపోయాను.

అడుగులు మెట్లు సగం ఎక్కాయి. ఇక మట్టి ఎత్తే టైము లేదు.

మామ భుజం మీది తువ్వాలు తీశాడు. బయటపడిన చీలిక మీద పరిచాడు. దాని మీద బాసిపట్లు వేసుకుని, వాకిట్లో ఎండకు కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. వాన చినుకులు ఆయన తల మీద పడుతున్నాయి.

కంబన్న పైకొచ్చి చుట్టూ చూశాడు. తెల్లటి స్లాబు చూసి తలాడించాడు. మూడు ఫొటోలు తీశాడు. ఆ తర్వాత ఫోను ఎత్తి పట్టుకుని మా మూలకు వచ్చాడు.

"తాతా, కొంచెం పక్కకు జరుగు. ఈడ గూడా తీయల్ల."

మామ కదల్లేదు. నా మొహం వైపు చూశాడు.